గిటారు పెట్టెకు మూడవ తీగ

పూర్వం మన ఇండ్లలో ఒక మూల హార్మోనియం పెట్టె, మేకుకు ఒక జత చిడతలు, అటక మీద ఒక మద్దెల ఉండేవి. ఇప్పుడు ఆ మూలకే గిటారు వచ్చి నిలబడుతున్నది. హోసూరులో గాని, కృష్ణగిరిలో గాని కాలేజీకి పోయే పిల్లలున్న ఇండ్లలో ఈ మార్పు చదువరులు చూచియే ఉందురు. గిటారు వచ్చిన కొన్నాళ్ళకు దాని వెనుకనే ఒక పేచీ కూడ వస్తుంది. "యాంప్లిఫయరు కావాల" అంటాడు అబ్బాయి. "అదేమిరా, ఎంత?" అంటాడు తండ్రి. ధర విన్న తరువాత ఇంటిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

మా ఇంటిలోనూ అంతే జరిగింది. మేము సంగీతజ్ఞులము కాము, ఇంజనీర్లమూ కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఆఫీసులో ఫైళ్ళ మధ్య కాలం గడుపుతున్నవాళ్ళము. అయినా ఈ రెండేండ్లలో ఈ విషయంలో కొంత చేతులు కాల్చుకొన్నాము, కొంత నేర్చుకొన్నాము. ఒకసారి మాత్రం చేయి కాలడముతో పోయేది కాదు. దేవుని దయవల్ల పెద్ద ప్రమాదం తప్పింది. తప్పు మాది. దానిని దాచుకోకుండా చెప్పితే మరొక ఇంటికి మేలు కలుగుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

గిటారుకు వేరే పెట్టె ఎందుకు?

మా పెద్దవాడు పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొని తెచ్చిన రోజుననే దానిని ఇంటిలో పాటలు వినే పెట్టెకు తగిలించి చూచాడు. శబ్దం వచ్చింది గాని, మనిషి దుప్పటి ముసుగులోనుంచి మాట్లాడినట్లు వచ్చింది. గిటారు చెడిపోయిందేమోనని వాడు దిగులుపడ్డాడు. గిటారు చెడిపోలేదు.

ఎలక్ట్రిక్ గిటారుకు వీణకున్నట్లు కుండ లేదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకవంటి రాగితీగ వేల చుట్లు ఉంటవి. దీనిని పికప్ అంటారు. తీగ కదిలితే ఆ చుట్లలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. అది ఒక వోల్టులో పదవ వంతో, గట్టిగా మీటితే అంతకు కొంచెం ఎక్కువో. ఈ పికప్ ఊట తక్కువగల బావి వంటిది. చిన్న చెంబుతో తోడుకొంటే తేటనీరు వస్తుంది. పెద్ద మోటారు పెడితే బురద వస్తుంది. ఇంట్లో పాటల పెట్టె పికప్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. దాని ఇన్‌పుట్ నిరోధం పదివేల ఓములో, యాభైవేల ఓములో ఉంటుంది. గిటారుకు కావలసినది పది లక్షల ఓములు, అనగా ఒక మెగాఓము. ఆ నిరోధం తగ్గితే మొదట పోయేది తార స్థాయిలోని మెరుపు. మిగిలేది దుప్పటి ముసుగు శబ్దం. కాబట్టి గిటారుకు వేరే యాంప్లిఫయరు కావాలనడం పిల్లల మారాము కాదు, ఉన్న సంగతే.

మా నాయనకు ఈ లెక్కలు పట్టలేదు. భజనలో యాభై ఏండ్లు హార్మోనియం వాయించినవారు. "తీగ వాయిద్యానికి కరెంటు దేనికప్పా? చెయ్యి పలకాల గాని పెట్టె పలికితే ఏమి గొప్ప?" అన్నారు. దానికి మా అబ్బాయి చెప్పిన జవాబు బాగున్నది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించినది ఎలక్ట్రిక్ మాండొలినే కదా అన్నాడు. మామూలు మాండొలినుకు జంట తీగలు నాలుగు వరుసలు ఉంటే ఆయన ఒంటి తీగలు అయిదు పెట్టుకొన్నాడు. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. ఒంటి తీగ చెప్పినట్లు వింటుంది, కాని దాని నాదం చిన్నది. ఆ చిన్న నాదాన్ని నిలబెట్టినది కరెంటు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో ఆ చిన్నపిల్లవాడు మొదటి కచేరీ చేశాడు, 1981లో మద్రాసు సభ ఎక్కాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేండ్లకే కన్నుమూసిన ఆయన వాద్యాన్ని విని, ఇందులో చెయ్యి పలకలేదు, పెట్టె పలికింది అని ఎవరనగలరు? మా నాయన మరి మాట్లాడలేదు. ఒప్పుకొన్నారని కాదు, ఆలోచనలో పడ్డారు.

వాల్వా, ట్రాన్సిస్టరా?

గిటారు యాంప్లిఫయర్లు రెండు జాతులు. మొదటివి వాల్వులవి, మన పెద్దల కాలపు రేడియోలలో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవే, అవి. రెండవవి ట్రాన్సిస్టర్లతోను ఐ.సి.లతోను నడిచేవి. వీటినే సాలిడ్ స్టేట్ అంటారు. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. దానిని కనుగొన్న బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అనే ముగ్గురికి 1956లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గిటారు వాయించేవారు మాత్రం ఆ కొత్తదానిని అంత తొందరగా ఆదరించలేదు. 1966లో ఫెండర్ కంపెనీ తెచ్చిన ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లకు చెడ్డపేరు వచ్చింది, కొన్నేండ్లకే వాటిని మానుకొన్నారు. 1975లో జపానునుంచి వచ్చిన రోలండ్ జాజ్ కోరస్ ఆ పేరును పోగొట్టింది. అరవై వాట్లవి రెండు, పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు. స్ఫటికంవంటి ఆ తేట శబ్దాన్ని ఈనాటికీ ఎంచుకొనేవారున్నారు. బి. బి. కింగ్ అంతటివాడు ల్యాబ్ సిరీస్ అనే ట్రాన్సిస్టరు పెట్టెతో ఎన్నో కచేరీలు చేశాడు. కాబట్టి వాల్వు లేనిదే నాదం లేదనే మాటకు బెదరనక్కరలేదు.

భేదం ఉన్నమాట నిజమే. శక్తికి మించి తోసినప్పుడు వాల్వు మెల్లగా, గుండ్రంగా లొంగుతుంది. ట్రాన్సిస్టరు కత్తితో కోసినట్లు తెగుతుంది. ఆ గరగర చెవికి కటువు. అయితే ఇంటిలో కట్టుకోదలచినవారికి మేము వాల్వు జోలికి పోవద్దనే చెప్పుతాము. అందులో మూడు నాలుగు వందల వోల్టుల డి.సి. ఉంటుంది. స్విచ్చి ఆర్పిన తరువాత కూడ కెపాసిటర్లలో అది దాగి ఉంటుంది. చిన్న ట్రాన్సిస్టరు పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు దాటిన తరువాత ఉండేది ప్లస్ పక్క, మైనస్ పక్క పదహారు పదిహేడు వోల్టులే. నేర్చుకొనేవాడి చేతికి అది మేలు.

వాట్ల లెక్క

అంగడికి పోతే మొదట వినిపించేది వాట్ల మాట. ఎన్ని ఎక్కువ వాట్లయితే అంత గొప్ప అనుకొంటాము. చెవి లెక్క వేరు. పది వాట్ల పెట్టెకంటె ఇరవై వాట్లది రెండింతలు గట్టిగా వినబడదు. మూడు డెసిబెల్లులు మాత్రమే ఎక్కువ. అది తెలిసీ తెలియనంత. చెవికి రెండింతలు అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి. కాబట్టి వంద వాట్ల పెట్టె, పది వాట్లదానికి రెండింతలు గొంతు గలది, అంతే.

ఇంతకంటె పెద్ద భేదం స్పీకరులో ఉన్నది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరాన కొలిస్తే ఎంత శబ్దం వస్తుందో దానిని సెన్సిటివిటీ అంటారు. ఇంటి పాటల స్పీకర్లకు ఇది ఎనభై ఏడు, తొంభై డెసిబెల్లులు ఉంటే, మంచి గిటారు స్పీకరుకు తొంభై ఏడు, అంతకుమించి కూడ ఉంటుంది. ఆ పది డెసిబెల్లుల తేడా పదింతల వాట్లకు సమానం. మంచి స్పీకరుగల పది వాట్ల పెట్టె, నాసి స్పీకరుగల వంద వాట్ల పెట్టెతో దీటుగా నిలుస్తుందన్నమాట. పైగా గిటారు స్పీకరు అయిదువేల సైకిళ్ళకు పైనున్న శబ్దాన్ని తనకు తానే తగ్గించివేస్తుంది. గరగరలోని కటుత్వం అంతా అక్కడే ఉన్నది గనుక అది జల్లెడవలె పనిచేస్తుంది. ఇంటి స్పీకరు ఆ కటుత్వాన్ని దాచదు, కందిరీగల తుట్టెను కదిపినట్లు వినిపిస్తుంది.

మా అనుభవంలో ఇంటిలో సాధన చేసుకొనేందుకు అయిదు మొదలు పదిహేను వాట్లు చాలును. చిన్న మందిరానికి, స్కూలు వార్షికోత్సవానికి ముప్పయి వాట్లు పుష్కలం. కల్యాణమండపమైతే ఎట్లాగూ అక్కడ మైకు సెట్టు ఉంటుంది, పెట్టె ముందర ఒక మైకు పెట్టుకోవచ్చును. కొనేటప్పుడు పిల్లవాడిని వెంట తీసుకొనిపోయి, వాడి గిటారుతోనే, సగం శబ్దంలో వాయించి చూడాలి. పూర్తి గొంతులో అంగడిలో ఏ పెట్టె అయినా బాగానే ఉంటుంది.

మేము కట్టిన పెట్టె

ధర విని మాట పడిపోయిన తరువాత, కట్టుకొందామనే బుద్ధి పుట్టింది. మా వీధిలో ఒక పాత రేడియో మేస్త్రీ ఉన్నాడు. ఆయనను గురువుగా పెట్టుకొన్నాము. హోసూరునుంచి బెంగుళూరు నలభై కిలోమీటర్లే గనుక ఒక ఆదివారం ఎస్. పి. రోడ్డుకు పోయి సామాన్లు తెచ్చుకొన్నాము. స్పీకరు తప్ప మిగతావన్నీ కలిపి ఒక నెల పాల ఖర్చుకు మించలేదు.

అందులో ముఖ్యమైనవి నాలుగు. శబ్దాన్ని పెంచే ఐ.సి. ఒకటి, టి.డి.ఏ. 2030ఏ అనేది. దానికి ముందు గిటారు సన్నని గొంతును అందుకొనే ఐ.సి. మరొకటి, టి.ఎల్. 072. దీని ముందర మెగాఓము రెసిస్టరు పెట్టితే మొదట చెప్పిన బావి చిక్కు తీరిపోతుంది. మూడవది 12–0–12 వోల్టుల, రెండు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు. నాలుగవది ఎనిమిది ఓముల స్పీకరు. దీనితో పది వాట్ల చిల్లర వస్తుంది.

ఇక్కడ ఒక మెళకువ. పన్నెండు వోల్టుల ఏ.సి.ని డయోడులతో డి.సి. చేసి కెపాసిటరులో నింపితే అది పన్నెండుగా ఉండదు, పదిహేడు దాకా పోతుంది. రాత్రి పొద్దుపోయిన తరువాత లైనులో కరెంటు రెండువందల యాభైకి ఎక్కిందనుకోండి, పద్దెనిమిది దాటుతుంది. మామూలు 2030 ఐ.సి. తట్టుకొనేది పద్దెనిమిదే. 'ఏ' అనే అక్షరం ఉన్నది ఇరవై రెండు వరకు తట్టుకొంటుంది. ఒక్క అక్షరానికి ఇంత విలువ ఉన్నది.

మొదటి తప్పు మేము ఇక్కడే చేశాము. ఆ ఐ.సి. వీపుమీది లోహపు రేకు లోపల మైనస్ వోల్టుకు కలిసి ఉంటుంది. అల్యూమినియం హీట్ సింకుకు బిగించేటప్పుడు మధ్య అభ్రకపు రేకు వేయాలి. మేము వేయకుండా బిగించాము. మేస్త్రీ మాత్రం ఏ కొత్త పెట్టెనూ నేరుగా లైనుకు తగిలించడు. అరవై వాట్ల గుండు బల్బును సీరీసులో పెట్టి చూస్తాడు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే మంచిది. భగ్గుమని వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. మాది వెలుగుతూనే ఉన్నది. బల్బు లేకుంటే లోపల ఏదో ఒకటి కాలిపోయేది. ఒక బల్బు, ఒక హోల్డరు, ఇంతకంటె చౌకైన ఇన్సూరెన్సు లోకంలో లేదు.

పెట్టె చెక్కకు మామిడి పలక వాడుదామనుకొన్నాము. కృష్ణగిరి పక్కన ఉండి మామిడికి కరువా! వడ్రంగి ఒప్పుకోలేదు. మామిడి వంగుతుంది, పురుగు పడుతుంది అన్నాడు. చివరకు ముప్పాతిక అంగుళం ప్లైవుడ్డుతో చేయించాము.

పెడళ్ళ సంగతి

పెట్టె పలికిన పది రోజులకు పెడళ్ళ మాట వచ్చింది. పెడలంటే గిటారుకు, యాంప్లిఫయరుకు మధ్య నేలమీద పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బా. ఇది పుట్టిన కథ చెప్పుకోదగినది. 1961లో అమెరికాలో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకదానిలో, రికార్డింగు మిక్సరులోని ఒక లైను చెడిపోయి గిటారు శబ్దం తుమ్మెదల ఝంకారమువలె వచ్చింది. చెరిపివేయకుండా అట్లాగే ఉంచారు. జనానికి నచ్చింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు అదే చెడిన శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే డబ్బా తయారుచేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దానిని మాయెస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ పాటతో అది లోకమంతా ప్రాకింది.

ఓవర్ డ్రైవ్ అనే పెడల్ మన ట్రాన్సిస్టరు పెట్టెకు బాగా పనికివస్తుంది. అందులో రెండు చిన్న డయోడులను ఐ.సి. చుట్టూ ఎదురెదురుగా పెడతారు. శబ్దం ఒక హద్దు దాటగానే అవి దాని శిఖరాన్ని మెల్లగా గుండ్రం చేస్తవి. ఆ విధంగా వాల్వు చేసే పనిని కొంతవరకు తొమ్మిది వోల్టుల బ్యాటరీతోనే చేయించవచ్చును. పేరుపొందిన జపాను పెడళ్ళలో ఉన్న 4558 అనే ఐ.సి. మన ఊరి మైకు సెట్లలోను, పాత టేపురికార్డర్లలోను ఉన్నదే. దానికి వేలు పోయనక్కరలేదు. కొత్తగా నేర్చుకొనేవారికి మా సలహా: మొదట ఒక్క ట్రాన్సిస్టరుతో శబ్దం పెంచే బూస్టరు కట్టండి, తరువాత ఓవర్ డ్రైవ్ కట్టండి. ప్రతిధ్వని వినిపించే డిలే వంటివాటిని కొనుక్కోవడమే మేలు. ఇంకొకటి, పెడళ్ళకు వచ్చే అడాప్టర్ల పిన్నులో చాలావరకు నడిమిది మైనస్, బయటిది ప్లస్. ఇంటిలోని వేరే అడాప్టరు తెచ్చి గుచ్చితే తలక్రిందులై పెడల్ కాలిపోవచ్చును.

మేము తీసివేసిన తీగ

ఇక అసలు సంగతికి వస్తాము. మా పెట్టెకు ఒక రోగం ఉండేది. అబ్బాయి కంప్యూటరులోని తాళాన్ని కూడ పెట్టెకు కలిపి వాయించేటప్పుడు 'ఉమ్' అని ఒక గొణుగుడు. కంప్యూటరు తీసివేస్తే గొణుగుడు లేదు. ఒక తెలిసినాయన వచ్చి విని, "ఇదేమి పెద్ద పని? ప్లగ్గులో ఎర్తు తీగ తీసేయండి" అన్నాడు. ప్లగ్గు విప్పి, పచ్చ తీగ ఊడదీసి, మొనకు టేపు చుట్టాము. గొణుగుడు మాయమైంది. ఎంతో సంతోషించాము. ఆ తీగను తీసిన చేతులు మావే, అది మరువలేము.

ఆ సంవత్సరం శ్రీరామనవమికి కృష్ణగిరి దగ్గర మా చుట్టాల పల్లెలో భజనకు పిలుపు వచ్చింది. మా నాయన హార్మోనియం, మనుమడు గిటారు. పెట్టెను బస్సులో వేసుకొని యాభై కిలోమీటర్లు పోయాము. భజన మందిరంలో పానకము, నీరుమజ్జిగ పంచుతున్నారు. బండల నేలంతా తడి. అబ్బాయి జమఖానా మీద కూర్చొని రెండు కీర్తనలకు చక్కగా వాయించాడు. మూడవదానికి ముందు, మైకు తనవైపు తిప్పుకొందామని ఎడమచేయి తీగల మీద ఉంచి కుడిచేత్తో మైకు కడ్డీ పట్టుకొన్నాడు.

'అమ్మా' అన్న కేక సగంలో ఆగింది. వాడు వెనక్కు పడ్డాడు. అదే క్షణంలో మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగినవి. కరెంటు పోయిందని జనం అనుకొన్నారు. ఎవరో "కీర్తన ఆపొద్దు" అన్నారు కూడ. చూచినది మేము, మా నాయన, ఇద్దరమే. హార్మోనియం విడిచి ఆయన మనుమడి తల ఒడిలో పెట్టుకొన్నారు. వాడు కండ్లు తెరిచి "ఏమీ లేదు తాతా" అన్నాడు. చేతులు మాత్రం చాలాసేపు వణకినవి, మావి కూడ.

వాడిని బ్రతికించినది ఆ మందిరం బోర్డులోని ఈ.ఎల్.సి.బి. అనే చిన్న స్విచ్చి. పోయే కరెంటుకు తిరిగివచ్చే కరెంటుకు ముప్పయి మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఎవరి ఒంటిగుండానో నేలలోకి పోతున్నదని గ్రహించి, రెప్పపాటుకంటె ముందే అది పడిపోతుంది. పల్లెవారు మందిరానికి కొత్తగా వైరింగు వేయించినప్పుడు దానిని పెట్టించారట. వారికి మేము ఋణపడి ఉన్నాము.

హోసూరుకు వచ్చి మేస్త్రీకి పెట్టె చూపించాము. ఆయన విప్పి చూచి చాలాసేపు మాట్లాడలేదు. లైను తీగ రేకు రంధ్రంగుండా లోపలికి వచ్చేచోట మేము రబ్బరు బుష్ వేయలేదు. బస్సు కుదుపులకు తీగ పైతొడుగు రేకు అంచుకు ఒరుసుకొని, లోపలి రాగి రేకును తాకింది. రేకుకు తగిలిన కరెంటు గిటారు వైరుగుండా తీగలదాకా వచ్చి ఉన్నది. "మూడవ తీగ ఉండింటే, రేకుకు కరెంటు తగిలిన ఆ నిమిషమే బోర్డులో స్విచ్చి పడిపోతా ఉండె సార్. పిల్లోడు తాకేదాకా వచ్చేదే కాదు. శబ్దం పోవాలని ప్రాణం కాపాడే తీగ తీసేసినారే" అన్నాడు. మాకు జవాబు లేదు.

ఇది మా ఒక్కరి తప్పు కాదని తరువాత తెలిసింది. 1972 మే 3వ తేదీన ఇంగ్లండు పక్కనున్న వేల్సులో, స్వాన్సీ పట్టణంలో, స్టోన్ ది క్రోస్ అనే బృందపు గిటారిస్టు లెస్ హార్వే, ఎర్తు సరిగాలేని మైకును తాకి, వేదికమీదనే ప్రాణం విడిచాడు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంటిలో గిటారు వాయిస్తూనే, ఎర్తు లోపంవల్ల పోయాడు. పేరుపొందినవారు గనుక లోకానికి తెలిసింది.

గొణుగుడుకు సరైన మందు

గొణుగుడు ఎందుకు వచ్చింది? పెట్టెకు ఒక ఎర్తు, కంప్యూటరుకు ఒక ఎర్తు. రెండింటినీ కలిపే శబ్దపు వైరు తొడుగు మూడవది. ఇవి కలిసి ఒక వలయం అయినవి. ఆ వలయంలో తిరిగే కరెంటే గొణుగుడు. వలయాన్ని తెంచాలి, నిజమే. కాని తెంచవలసినది ఎర్తు దగ్గర కాదు, శబ్దం వచ్చే దారిలో. అగ్గిపెట్టెకంటె చిన్నదైన ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, 600 ఓములది, కంప్యూటరు వైరులో పెట్టాడు మేస్త్రీ. శబ్దం అయస్కాంతంగుండా దాటిపోతుంది, తీగకు తీగ కలియదు. గొణుగుడు పోయింది, ఎర్తు ఉన్నది. దాని ఖర్చు ఒక సినిమా టిక్కెట్టంత.

తరువాత మా ఇంటి ఎర్తునే చూపించాము. మూడు రంధ్రాల ప్లగ్గు గోడకు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. మా ఇంటి ఎర్తు తీగను ఎప్పుడో నీళ్ళ పైపుకు కట్టారు. మధ్యలో ఆ ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేయించుకొన్నాము. ఎర్తు అక్కడితో ఆఖరు. ఇట్లాంటి ఇండ్లు మన వీధులలో ఎన్ని ఉన్నవో! పైగా మనది రాతి సీమ. కృష్ణగిరి గ్రానైటు దేశదేశాలకు పోతుంది గాని, ఎర్తు గుంతకు ఆ రాయి, ఎండిన మొరపనేల శత్రువులు. గుంత లోతుగా త్రవ్వి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, వేసవిలో దానికి నీళ్ళు పోస్తూ ఉండాలి. తులసికోటకు పోసే చెంబులో సగం దానికి పోసినా చాలును. ఎర్తు పనిచేస్తున్నదా లేదా అన్నది లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించుకోవాలి. ముప్పయి మిల్లీ ఆంపియర్ల ఈ.ఎల్.సి.బి. ఒకటి బోర్డులో పెట్టించుకోవాలి. ఇవి గిటారు ఉన్న ఇంటికే కాదు, గ్రైండరు, గీజరు ఉన్న ప్రతి ఇంటికీ కావలసినవే.

బయటికి పోయినప్పుడు ఇంకొక నియమం పెట్టుకొన్నాము. గిటారు పెట్టె, మైకు సెట్టు ఒకే బోర్డునుంచి కరెంటు తీసుకోవాలి. రెండు తీగల పొడుగు వైరు ఎన్నడూ వాడరాదు. వాయించేవాడు మైకును తాకకముందే టెస్టరుతో తీగలు, మైకు కడ్డీ రెండూ చూడాలి. తడి నేలమీద కూర్చోరాదు.

మా ఇంటావిడ మాత్రం పెట్టెను అటక ఎక్కించమన్నది. నెలలపాటు అది అక్కడే ఉన్నది. గిటారు కూడ ముసుగు తీయలేదు. వాడిని వాయించమని మేము చెప్పలేకపోయాము, వద్దని కూడ చెప్పలేకపోయాము. చివరకు ధనుర్మాసం వచ్చింది. హోసూరు చలి చదువరులకు తెలిసినదే. తెల్లవారుజాము భజనకు బయలుదేరుతూ మా నాయన, "మనవడా, నా బెల్లోస్‌లో గాలి నిలవలేదురా. నీ పెట్టె దించు" అన్నారు. ఒకనాడు కరెంటు దేనికన్న మనిషే అడిగారు. మేస్త్రీ ముందే రబ్బరు బుష్ వేసి, కొత్త వైరు, కొత్త ప్లగ్గు బిగించి ఉంచాడు.

ఆనాడు వాడు ఎట్లా వాయించాడో చెప్పడానికి మేము సంగీతజ్ఞులము కాము. మా నాయన చిడతలు మోగిస్తూ తల ఊపుతున్నారన్నది చూచాము. అప్పటినుంచి ఇంటిలోనుంచి పెట్టె బయటికి పోయేటప్పుడల్లా మా ఇంటావిడ గడపలో నిలబడి ప్లగ్గు చేతిలోకి తీసుకొని పిన్నులు లెక్కపెడుతుంది. మూడు ఉంటేనే పోనిస్తుంది.

పిల్లలకు పెట్టె కొనిపెట్టండి, లేదా వాళ్ళతో కూర్చొని కట్టండి. వాట్లు తక్కువైనా పరవాలేదు, పెడల్ ఒకటి తక్కువైనా పరవాలేదు. స్పీకరు మంచిది చూడండి. అన్నిటికంటె ముందు మూడవ తీగ చూడండి.